లెక్క, జాడ, పూచీ: గ్రామరక్షణ చరిత్రము

దొంగను పట్టి దండించుట యొక పని. దొంగతనమే జరుగకుండ చూచుకొనుట వేఱొక పని. మొదటిది రాజువలన నగును. రెండవది రాజొక్కనివలన కాదు. ఇల్లు గలవాడు, పొలము గలవాడు, సరకు గలవాడు తన వంతు చేయనిదే రక్షకభటుడు ఎన్ని రాత్రులు మేలుకొన్నను ప్రయోజనము స్వల్పము. అట్లే రాజపురుషుని యండ లేనిదే సొత్తుగలవాడు ఎంత యెత్తు గోడ కట్టినను నిర్భయముగ నిద్రింపజాలడు. ఈ యిరువురును ముందుగా కూడి యాలోచించి, ఎవరి పని యెవరిదో నిర్ణయించుకొని, నష్టము వచ్చినచో నెవరు పూచీపడవలెనో తేల్చుకొన్నచోట నేరములు తగ్గినవి. ఆ కూడిక చెడినచోట కావలివాడే దొంగయైనాడు, లేదా నిరపరాధి దొంగగా వ్రాయబడినాడు. ఈ రెండు ఫలములకును చరిత్రమున సాక్ష్యములు కలవు. ఆ సాక్ష్యములను వరుసగా పరిశీలించినచో, గ్రామరక్షణ మనునది మూడు స్తంభములపై నిలిచిన చావడి యని తేటపడును. అవి లెక్క, జాడ, పూచీ.

ధర్మశాస్త్రముల నాటి యేర్పాటు

కౌటిల్యుని యర్థశాస్త్రము చిరకాలము మఱుగున బడియుండి, 1909వ సంవత్సరమున మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారి కృషివలన అచ్చుపడి వెలుగు చూచెను. అందు జనపద రక్షణమునకై చెప్పిన యేర్పాటు గ్రామలెక్కతో మొదలగుచున్నది. అయిదేసి లేక పదేసి గ్రామముల కొక గోపుడు. ఆతడు ఎల్లలను, పొలములను, ఇండ్లను, మనుష్యులను, పశువులను, పన్నులను వ్రాసియుంచవలెను. నగరమున పది, ఇరువది, లేక నలువది కుటుంబముల కొక గోపుడు ఇట్లే వారి వృత్తులను ఆదాయవ్యయములను ఎఱిగియుండవలెను. గోపుని పైన స్థానికుడు, జనపదమున కంతటికి సమాహర్త, నగరమునకు నాగరికుడు. గ్రామమున కరణమును, పైన తాసీల్దారును, కలెక్టరును ఎఱిగిన వారి కీ మెట్ల వరుస వింతగా తోపదు.

అయితే లెక్క వ్రాయుట రాజపురుషుని పనియే గాని, ఆ లెక్కకు వలసిన వార్త నిచ్చుట గృహస్థుని పని. ఇంటికి వచ్చిన యతిథిని గూర్చియు, వెడలిన వానిని గూర్చియు యజమాని తెలుపవలెను. తెలుపనిచో ఆ రాత్రి జరిగిన నేరమునకు ఆతడును దోషి యగును. ఏ నేరమును జరుగక రాత్రి క్షేమముగ గడచినను, తెలుపనందులకు మూడు పణములు చెల్లింపవలెను. సత్రము నడపువారికి, కల్లంగళ్ల వారికి, వైద్యులకు సహిత మిట్టి విధులు కలవు. గాయపడినవానికి రహస్యముగ చికిత్స చేసిన వైద్యుడు ఆ సంగతిని గోపునకు, స్థానికునకు తెలుపకున్న తానును తప్పుచేసిన వాడగును.

అగ్నిభయమును గూర్చి చెప్పిన పద్ధతియు నిట్టిదే. నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి మొదలగు సాధనములను ప్రతి గృహస్థుడు సిద్ధముగ నుంచుకొనవలెను. ఇల్లంటుకొన్నప్పుడు ఆర్పుటకు పరుగెత్తని యింటి యజమానికి పండ్రెండు పణములు దండము. అద్దెకున్నవానికి ఆరు పణములు. సొత్తు ఎక్కువగలవానికి పూచీయు నెక్కువ యను న్యాయ మిచ్చట స్పష్టము.

ఇక బాటసారులైన వర్తకుల సంగతి. వారు గ్రామమున దిగునపుడు తమ సరకు విలువను తెలిపి దిగవలెను. అట్లు తెలిపిన సరకు పోయినచో, అది రాత్రివేళ ఊరు దాటిపోకున్నంతవరకు గ్రామస్వామి యిచ్చుకొనవలెను. గ్రామముల నడుమ పోయినచో పచ్చికబయళ్ల యధికారి; అవి లేనిచోట చోరరజ్జుకు డనువాడు; ఆతడును లేనిచోట పొలిమేర గ్రామములవారు; అదియు కుదురనిచో చుట్టుపట్ల అయిదు గ్రామములు లేక పది గ్రామములు. యాజ్ఞవల్క్యస్మృతియు నించుమించుగ నిట్లే విధించినది. తన పొలిమేరలో జరిగినదానికి గ్రామము పూచీ. లేదా దొంగ యడుగుజాడ ఏ యూరిలోనికి పోయినదో ఆ యూరు పూచీ. ఇన్నిటికిని మీదట, పోయిన సొమ్మును రాబట్టి సొంతదారున కిచ్చుట రాజునకు ధర్మమని మనువును యాజ్ఞవల్క్యుడును చెప్పియున్నారు. రాబట్టలేనిచో రాజు తన బొక్కసమునుండి యీయవలెనని యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుని తీర్పు. ఆ విజ్ఞానేశ్వరుడు చాళుక్య షష్ఠ విక్రమాదిత్యుని కాలమువాడు. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి శిష్యుడైన కేతన ఆ ధర్మశాస్త్రమును విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. కావున తెలుగువారికి ఈ న్యాయము పరదేశమునుండి వచ్చినది కాదు.

ఈ విధులలోని బుద్ధిసూక్ష్మతను గమనింపవలెను. సరకు విలువ ముందు తెలిపినచో పిదప తగవుండదు, ఇది లెక్క. అడుగుజాడ పోయిన యూరు పూచీ యన్నచో ఆ యూరివారందఱును జాడను ముందునకు సాగనంపుటకైనను ప్రయత్నింతురు, దాచుటకు సాహసింపరు, ఇది జాడ. నష్టము తమ నెత్తిపై పడునన్న భయము గ్రామమంతటిని కావలివానిగ మార్చును, ఇది పూచీ.

తలారియు కావలియు

విజయనగర రాజుల కాలమున ఈ పూచీ నగరమునను నిలిచియుండెను. 1443వ సంవత్సరమున పారశీక రాజు షారుఖ్ పంపగా విజయనగరమునకు వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, ఏడు ప్రాకారముల లోపల జరుగు సంగతులన్నిటిని తెలిసికొనుటయు, పోయిన వస్తువును దొంగిలబడిన వస్తువును రాబట్టుటయు నగర రక్షకుల పని యనియు, రాబట్టలేనిచో వారే దండము చెల్లింపవలెననియు వ్రాసెను.

గ్రామమున నీ పని తలారిది. ఆయగాండ్రలో రెడ్డికి కరణమునకు తరువాత గ్రామ క్షేమమునకు ముఖ్యుడు వాడే. 1812వ సంవత్సరమున ఇంగ్లాండు పార్లమెంటుకు సమర్పింపబడిన అయిదవ నివేదిక మద్రాసు రాజధానిలోని గ్రామోద్యోగులను వర్ణించుచు, తలారి నేరముల యాచూకీ తీయుననియు, ఒక గ్రామమునుండి వేఱొక గ్రామమునకు పోవు బాటసారులకు తోడుపోవుననియు, తోటివాడు ఊరిలోనే యుండి పైరు కాపాడుననియు పేర్కొన్నది. వీరికి జీతము ఖజానానుండి కాదు. ఇనాము భూమియు, కల్లములో రైతు లిచ్చు మేరయు వారి జీవనాధారము. ధాన్యము కొలుచునపుడు తలారి మేర తీసిన పిదపనే రైతు కుప్ప యింటికి చేరును. కావున ఎవరి పంటకు కావలి కాసెనో వారి కల్లముననే వాని కూలి. కావలి సరిగా లేనిచో ఆ మేర యిచ్చుటకు చేతులు రావు. సొత్తుగలవానికిని కాపువానికిని నడుమ నింతకంటె సూటియైన యొడంబడిక వేఱొకటి కానరాదు.

గ్రామమునకు పైన పాళెగాండ్రు దేశకావలి వహించిరి. రహదారులు, కనుమలు, సంతలు వారి కాపుదలలో నుండెను. ఇందులకై యింటికింత, నాగలికింత యని కావలి రుసుము రాబట్టుకొనిరి. దానికి బదులుగా దొంగసొత్తును పట్టి యిచ్చుట, లేనిచో వెల చెల్లించుట వారి కట్టడి.

కంచె చేను మేసిన విధము

ఈ యేర్పాటు మంచిదే కాని, కావలివానిపై కావలి లేనప్పుడు చెడినది. రాజ్యములు తాఱుమాఱైన పదునెనిమిదవ శతాబ్దమున పాళెగాండ్రను లెక్క యడుగువాడు లేకపోయెను. రుసుము పెరిగెను, పూచీ తగ్గెను. రుసుము చెల్లింపని యూరిపై కావలివారి మనుష్యులే రాత్రి పడి పశువులను తోలుకొనిపోయి, మఱునాడు రుసుము కుదుర్చుకొన్న సంగతులు కంపెనీ యధికారుల వ్రాతలలో పెక్కులు కలవు. కంచె చేను మేసిన సామెత ఇట్టి యనుభవముననే పుట్టియుండును.

1800వ సంవత్సరమున నిజాము ప్రభువు దత్తమండలములను కంపెనీకి ఒప్పగించినపుడు, కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో యెదుట సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు నిలిచిరి. ఆతడు వారి బలమును విఱిచి, కావలి రుసుములను సర్కారువశము గావించెను. దోపిడి తగ్గెను. అయితే రుసుమును తీసికొన్న సర్కారు పాళెగాని పూచీని మాత్రము తీసికొనలేదు. పోయిన సొత్తుకు వెల కట్టియిచ్చు ఆచారము నాటినుండి క్రమముగ మాసిపోయెను. సొత్తుగలవారును పాలకులును కూడి నడపిన కావలిలో ఒక స్తంభ మీ విధముగ కూలెను.

థేమ్సు నదిపై వర్తకుల కావలి

ఇదే కాలమున ఇంగ్లాండున వేఱొక ప్రయోగము జరుగుచుండెను. లండను నగరమున బో వీథి న్యాయాధికారియైన జాన్ ఫీల్డింగు అంధుడు. 1755వ సంవత్సరమున ఆతడు నగరమునకు ఇరువది మైళ్ల లోపలి దోపిడులను ఆపుటకు ఒక పథకమును ప్రకటించెను. నగరము వెలుపల కాపురమున్న ధనవంతులు కొందఱు చందా వేసికొని, దోపిడి జరిగిన క్షణముననే దొంగ యానవాళ్లను, గుఱ్ఱపు గుఱుతులను వ్రాసి రౌతుచేత బో వీథికి పంపవలెను. దారిలోని సత్రములకు, సుంకపు గవనులకు ఆ వార్త నందించుచు పోవలెను. దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగిన లాభము లేదు. వార్త దొంగకంటె ముందు పరుగెత్తవలెను. ఇది యాతని పథకసారము.

అంతకంటె ప్రసిద్ధమైనది థేమ్సు నదీ రక్షకదళము. పదునెనిమిదవ శతాబ్దాంతమున లండను రేవునకు చక్కెర, సారాయి, కాఫీ మొదలగు సరకులతో వచ్చు ఓడలు నది నడుమ లంగరు వేసికొని, సరకును చిన్న పడవలలోనికి దించుచుండెడివి. దించునపుడు దొంగతనము యథేచ్ఛగ జరిగెడిది. ఏటా అయిదు లక్షల పౌనుల సరకు పోవుచున్నదని పాట్రిక్ కొల్కూన్ అను న్యాయాధికారి యంచనా వేసెను. ఆతడును, జాన్ హారియట్ అను మాజీ నావికుడును, ధర్మశాస్త్రవేత్త జెరెమీ బెంథాము తోడ్పాటుతో, వెస్టిండీసు వర్తకుల సంఘమును ఒప్పించి, 1798 జూలై 2వ తేదీన వాపింగు అను రేవున కచేరి తెఱచిరి. వ్యయమున పెద్దభాగము వర్తకులు భరించిరి. ప్రభుత్వ మధికార మిచ్చెను.

ఆ కచేరి చేసిన పనులు ధర్మశాస్త్రములు చదివినవారికి పరిచితములే. సరకు దించు కూలీల పేర్లు పట్టీలో వ్రాసికొనిరి. వారికి నియమిత కూలి కచేరి ద్వారమున ముట్టజెప్పిరి. ఓడపై కావలివాండ్రను నిలిపిరి. దిగివచ్చు కూలీ సంచులుగాని వదులు దుస్తులుగాని ధరింపరాదని కట్టడి చేసిరి. రాత్రింబవళ్లు పడవలపై నది నంతయు తిరిగిరి. మొదటి సంవత్సరమున 1,22,000 పౌనుల విలువగల సరకు మిగిలెనని లెక్క చూపిరి. ఫలితము చూచి పార్లమెంటు 1800వ సంవత్సరమున ఆ దళమును సర్కారు వ్యయముతో నడుపుటకు చట్టము చేసెను. 1802లో వెస్టిండీసు వర్తకులు ఎత్తైన ప్రాకారములతో తమ ఓడలకు వేఱు రేవు కట్టుకొనిరి. 1839లో నదీదళము లండను మహానగర పోలీసులో కలిసిపోయెను. ఆ మహానగర పోలీసు 1829లో రాబర్టు పీలు స్థాపించినది.

ఈ కథకు రెండవ వైపును కలదు. ఓడలో రాలిన చక్కెర, బొగ్గు తుడుచుకొని తీసికొనిపోవుట కూలీలకు తరతరముల యాచారము; తక్కువ కూలికి అదియొక పూరకము. క్రొత్త దళము దానిని దొంగతన మనెను. 1798 అక్టోబరులో బొగ్గు కూలీలు, తమ తోటివారికి శిక్ష పడినందులకు ఆగ్రహించి, వాపింగు కచేరిపై పడిరి. కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. వర్తకునకు సొత్తైనది కూలీకి హక్కని తోచినచోట, ఏది నేరమో నిర్ణయించు అధికారము ఒక్క పక్షమునకే యుండుట ఎంత యపాయకరమో ఈ యుదంతము తెలుపుచున్నది. నియమిత కూలి యిచ్చి ఆచారమును మాన్పుట ఒక పద్ధతి. కూలి పెంచకయే ఆచారమును నేరమనుట వేఱొక పద్ధతి. మొదటిది నిలుచును, రెండవది పగ పెంచును.

దరోగాలు, తాసీల్దారులు, పోలీసులు

మద్రాసు రాజధానిలో 1802వ సంవత్సరమున శాశ్వత కిస్తుబందీ వచ్చెను. ఆ సంవత్సరమే 29వ రెగ్యులేషనుచే జమీందారీలలో కరణముల విధులు నిర్ణయింపబడెను. బెంగాలు పద్ధతి ననుసరించి దరోగాల ఠాణాలును ఏర్పడెను. దరోగా పైనుండి వచ్చిన జీతగాడు. ఏ యింటివాడు ఎట్టివాడో, ఏ డొంక ఎచ్చటికి పోవునో వానికి తెలియదు. తెలిసిన తలారి వాని ఆజ్ఞలో నున్నను, తలారికి మేర యిచ్చు రైతు వాని ఆజ్ఞలో లేడు. ప్రజలు ఠాణాకు పోయి చెప్పుకొనుట మానిరి.

ఈ లోపమును గ్రహించి, కంపెనీ డైరెక్టర్లు 1814లో మన్రో యధ్యక్షతన ఒక కమీషను నేర్పఱచిరి. దాని ఫలితముగ 1816వ సంవత్సరపు రెగ్యులేషనులు పుట్టెను. 11వ రెగ్యులేషనుచే దరోగాలు పోయి, గ్రామరక్షణము తిరిగి గ్రామపెద్దకు, కరణమునకు, తలారికి వచ్చెను. వారిపై తాసీల్దారు, కలెక్టరు. నేరస్థుని పట్టి పంపుట, అనుమానింపదగిన పరదేశులను విచారించుట, చిల్లర తగవులకు చావడిలో కొన్ని గంటలు నిర్బంధించుట గ్రామపెద్ద యధికారములు. హీనకులములుగా నాటివా రెంచిన ప్రజలను బొండకొయ్యలో వేయుటకు కూడ అధికార మీయబడెను. పాత వ్యవస్థను నిలిపిన చట్టమే పాత పక్షపాతమునుగూడ నిలిపె ననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తాసీల్దారు చేతిలో పన్నును పోలీసును ఒక్కటి యగుటయు మంచిది కాలేదు. బాకీ వసూలునకును నేరము ఒప్పించుటకును ఒకే బెత్తము పనిచేసెను. 1855లో వెలువడిన మద్రాసు చిత్రహింసల విచారణ సంఘపు నివేదిక దీనిని బయటపెట్టెను. ఫలితముగ 1859వ సంవత్సరపు 24వ చట్టముచే రెవిన్యూనుండి వేఱైన పోలీసుశాఖ యేర్పడెను. విలియం రాబిన్సన్ దానికి మొదటి ముఖ్యాధికారి. రెండేండ్లకు 1861లో దేశమంతటికి 5వ చట్టము వచ్చెను.

క్రొత్త పోలీసు వచ్చినను తలారిని వదలుకొనుట సాధ్యము కాలేదు. 1902లో నియమింపబడిన ఫ్రేజరు కమీషను గ్రామపెద్దయు గ్రామకావలివాడును తోడ్పడనిదే పోలీసు ఫలింపదని నొక్కిచెప్పెను. 1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు 45వ సెక్షనులో గ్రామపెద్ద, కరణము, కావలివాడు మాత్రమే కాక, భూమి యజమానియు, దానిని అనుభవించువాడును, ఆతని ఏజెంటును, దొంగసొత్తు కొనువారిని గూర్చియు దోపిడిగాండ్ర రాకపోకలను గూర్చియు పోలీసులకు వెంటనే తెలుపవలెనని విధింపబడెను. రెండువేల యేండ్లనాడు గృహస్థునకు చెప్పిన విధి యిట్లు మరల చట్టమున చేరెను. 1973వ సంవత్సరపు కోడులో ఈ బాధ్యత గ్రామమున నివసించు ప్రతివానికి వర్తించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఇది 34వ సెక్షనుగ నిలిచినది. భూస్వామి విధి పౌరుని విధిగ మాఱుట చిన్న మార్పు కాదు.

తెలంగాణమునందు

హైదరాబాదు రాజ్యమున గ్రామమునకు ముగ్గురు పెద్దలు: పన్ను వసూలునకు మాలీ పటేలు, శాంతిరక్షణకు పోలీసు పటేలు, లెక్కకు పట్వారీ. వారి క్రింద సేత్‌సింధీలు. కాగితముపై నిది చక్కని విభజనము. కాని పలుచోట్ల ఈ పదవులు దేశముఖుల, పెద్ద భూస్వాముల వశమందో వారి బంధువుల వశమందో యుండెను. సొత్తుగలవాడును పోలీసును కూడి యాలోచించుట కాక, సొత్తుగలవాడే పోలీసగుట సంభవించెను. అప్పుడు వెట్టికి రాననుట నేరము. ఆక్రమించిన భూమిని మరల దున్నుట నేరము. 1946లో మొదలై 1951వఱకు సాగిన సాయుధపోరాటమునకు గల కారణములలో ఇదియు నొకటి. 1949లో జాగీర్లు రద్దైనవి. కూడిక యనగా ఇద్దఱుండవలెను. ఇద్దఱు ఒక్కడైనచో మూడవవాని గతి యేమగునో తెలంగాణము చూపినది.

లెక్క మాఱిన విధము

ఈ చరిత్రములో మిక్కిలి బాధాకరమైన ఘట్టము నేరజాతుల చట్టము. 1871లో ఉత్తరదేశమునకై చేసిన యా చట్టము 1911వ సంవత్సరపు చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. కొన్ని జాతులలో పుట్టినవా రెల్లరును పుట్టుకతోనే నేరస్థులని యెంచి, వారి పేర్లు పట్టీలో వ్రాసి, వేలిముద్రలు తీసికొని, వేళకు హాజరు చెప్పించిరి. అట్టివారు ఊరు విడిచినను, ఊరికి వచ్చినను తెలుపవలసిన భారము గ్రామపెద్దపై, కావలివానిపై, భూమి గలవారిపై కూడ మోపబడెను. పోలీసును సొత్తుగలవారును కలిసి నడపిన ఏర్పాటే యిది. రూపమున కౌటిల్యుని గోపుని పట్టీకి దగ్గఱ. గుణమున దానికి దూరము. గోపుని పట్టీలో ఊరంతయు నుండెను. ఈ పట్టీలో ఊరిలోని బీదవారు మాత్రమే యుండిరి.

తెలుగుదేశమున ఎఱుకలవారు, మఱికొందఱు సంచారజాతులవారు దీనిచే బాధపడిరి. ఉప్పును ధాన్యమును ఎద్దులపై వేసికొని, బుట్టలల్లి యమ్ముకొని జీవించిన ఎఱుకలవారి వర్తకము రైలుబండ్లు వచ్చిన పిదప సన్నగిల్లెను. జీవనము పోయినవారికి నింద మిగిలెను. బాపట్ల సమీపమున 1913–14 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున స్టూవర్టుపుర మను సెటిల్మెంటు ఏర్పడెను. మద్రాసు ప్రభుత్వమువా రా చట్టమును 1947లో రద్దుచేసిరి. దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీతో అది తొలగెను. కాని పట్టీలోని పేరు చెఱిగినంత వేగముగ జనుల నోటిలోని పేరు చెఱుగలేదు. 1970ల దశకమున జాషువ మహాకవి కుమార్తె హేమలతా లవణంగారును, లవణంగారును స్టూవర్టుపురమునకు పోయి, అచ్చటివారితో మెలగి, నేరవృత్తి మానినవారికి బ్రతుకుతెరువు చూపుటకు శ్రమించిరి. ఏ కావలియు తగ్గింపలేని నేరమును అన్నము, చదువు, గౌరవము తగ్గింపగలవని వారి నమ్మకము.

సొత్తు లెక్క వ్రాసినపుడు గ్రామము సుఖించినది. పుట్టుక లెక్క వ్రాసినపుడు మనుష్యులు మ్రగ్గిరి. లెక్క వ్రాయువానికి ఈ భేదము తెలిసియుండుట ముఖ్యము. పట్టీలో ఒక పేరు చేర్చుట ఒక గీత. దానిని మోయుట ఒక జన్మ.

స్వరాజ్యానంతరము

1984 జనవరి 6వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఆర్డినెన్సుచే కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులు రద్దైనవి. వంశపారంపర్యమైన పెత్తనము అంతరించుట మేలే. అయితే ఇంటింటి సంగతి యెఱిగిన వ్రాతయు దానితో కొంత మఱుగుపడినది. ఆ లోటును పూరించుటకు రాష్ట్రములు పలు ప్రయత్నములు చేసినవి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రజాభద్రతా చట్టమును చేసి, జనులు పెద్దసంఖ్యలో కూడు సంస్థలయందు యజమానులు నిఘా కెమేరాలు పెట్టి, చిత్రములను ముప్పది దినములు భద్రపఱుపవలెనని విధించెను. తెలంగాణ పోలీసులు ‘నేను సైతం’ అను పేర కాలనీలవారు, దుకాణదారులు చందాలు వేసికొని కెమేరాలు నిలుపుటకు ప్రోత్సహించిరి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు, ఊరు వెళ్లు గృహస్థుడు ముందుగా తెలిపినచో తాళము వేసిన యింటిలో కెమేరా నుంచి కనిపెట్టు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయములలో మహిళా పోలీసులను నియమించిరి.

ఇవి క్రొత్త సాధనములు, న్యాయము ప్రాతది. ఇంటివాడు ప్రయాణవార్త తెలుపుట కౌటిల్యుని నాటిది. దుకాణదారు చందా వేయుట థేమ్సు వర్తకుని నాటిది. అడుగుజాడ మట్టిపై పడుటకు మాఱుగ కెమేరాలో పడుచున్నది. లెక్కయు జాడయు ఇట్లు మునుపటికంటె బలపడినవి. మూడవదైన పూచీ మాత్రము ఇంకను వెనుకబడియున్నది. సొత్తు పోయినవానికి నష్టమును ఎవరు పూరింతురు? కెమేరాలోని చిత్రము దుర్వినియోగమైనచో ఎవరు జవాబుదారులు? నిరపరాధిపై అనుమానము వచ్చినచో ఆతని పరువును ఎవరు తెచ్చియిత్తురు? పాళెగాని రుసుము ఉండి పూచీ లేనప్పుడు ఏమి జరిగెనో చరిత్ర చెప్పియున్నది. అధికారమును పెంచి జవాబుదారీని పెంచని యేర్పాటు ఏ కాలమునను నిలువలేదు.

కావున గ్రామరక్షణమునకై పెద్దలు కూడి యాలోచించునపుడు కొన్ని నియమములను మఱువరాదు. ఆ యాలోచనసభలో సొత్తుగలవారును పోలీసులును మాత్రమే కాక, సొత్తు లేనివారును కూర్చుండవలెను. ఏలయన అనుమానము మొదట వారి గుమ్మముననే వాలును. వ్రాయదగినది వస్తువు, వేళ, జాడ. వ్రాయరానిది కులము, పుట్టుక. కావలికి కూలి సకాలమున ముట్టవలెను. ఆకొన్న కావలివాడు చేనికి కంచె కాలేడు. దొంగతనము చేయనివాడు బ్రతుకగలుగు పని గ్రామమున నుండవలెను. ఇవి లేని కెమేరా కన్నులుండియు చూపులేనిదగును.

గ్రంథాలయమున పుస్తకములకును ఒక పట్టీ కలదు. ఎవరు ఏ పుస్తకము తీసికొనిపోయినారో, ఎప్పుడు తేవలెనో అందు వ్రాయబడును. ఏ కులమువాడు తీసికొనెనో వ్రాయబడదు. తెచ్చియిచ్చిన దినమున ఆ పేరుపై గీత పడును, నింద మిగులదు. ఇరువదియైదేండ్లుగ ఇట్టి లెక్కను నడపిన గ్రామము, రక్షణపు లెక్కను సహితము ఈ ధర్మముననే నడుపుకొనుట యుక్తము.